ఐదుకి రెండు

రాయచోటి బి.ఇడి. కాలేజీలో
ఓబులేసు సారు చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టేవాడు.
మైక్రో టీచింగు, ఆరే నిమిషాలు.
పిల్లలు లేరు కాబట్టి మేమే పిల్లలం.
ముప్పై దాటిన మునెమ్మక్క కూడా మూడో తరగతి.
ప్రశ్న అడగ్గానే
ముందే అనుకున్న చెయ్యి లేచేది,
ముందే అనుకున్న జవాబు వచ్చేది.
ఎవరూ ఏడవలేదు.
ఎవరూ నిద్రపోలేదు, మునెమ్మక్క తప్ప.
అది నటన కాదు, రాత్రంతా రికార్డు రాసింది పాపం.

నా చార్టుకి మంచి పేరొచ్చింది.
"మా ఇల్లు". ఎర్రటి పెంకులు, పసుపు రాసిన గడప,
బావి, బావి చుట్టూ బంతిపూలు.
అట్లాంటి ఇంట్లో నేనెప్పుడూ ఉండలేదు.
మాది రేకుల కొట్టం,
ఊళ్ళో బావులెండినాక పుట్టినదాన్ని.
అయినా ఆ చార్టునే చుట్ట చుట్టి
పచ్చడి సీసాల పక్కన, చీరల మధ్య పెట్టుకుని
కువైట్ విమానమెక్కాను.

అబ్బాసియాలో బడి.
నలభై రెండు మంది పిల్లలు,
ఒక ఏసీ, అదీ దగ్గుతుంది.
దుమ్ము లేస్తుందని కిటికీలు తెరవరు.
మూడు వారాలకే గొంతు పోయింది.
గొంతు ఎలా దాచుకోవాలో చెప్పే పాఠం
ఏ పేపర్లోనూ రాలేదు.

అక్టోబరులో ఒక రోజు, మూడో తరగతి సి సెక్షను.
చార్టు గోడకి తగిలించి
"మీ ఇల్లు గీయండి" అన్నాను.
నలభై ఒక్క మంది నా చార్టునే గీశారు.
ఎడారిలో నలభై ఒక్క బావులు తవ్వారు.

రోల్ నంబరు పదిహేడు, ఏలియా,
కాగితం మధ్యలో పైనుంచి కిందిదాకా
ఒక నీలం పట్టీ వేసి
ఇటొక మంచం అటొక మంచం గీశాడు.
పైకప్పు లేదు, తలుపు లేదు.
"ఏమిట్రా ఇది?"
"కర్టెన్ మిస్."
"మరి ఇల్లేదీ?"
వాడు నన్ను ఓపిగ్గా చూశాడు,
నెమ్మదిగా నేర్చుకునే పిల్లని చూసినట్టు.
"ఇదే మిస్. ఇటు మేము, అటు కోజికోడ్ అంకుల్.
ఆయనకి నైట్ డ్యూటీ. అందుకే నేను
పద్యాలు మనసులోనే బట్టీ పడతా."

ఐదుకి రెండు వేశాను.
"గోడలు లేవు" అని ఎర్రగా రాశాను, గుండ్రటి అక్షరాలతో.

ఎక్కడ కూర్చుని వేశానో కూడా చెప్పాలి.
నాలుగో అంతస్తు, ఒక గది,
మధ్యలో తీగకి క్లిప్పులు పెట్టి వేలాడేసిన పూల దుప్పటి.
అవతల నర్సు స్టెల్లమ్మ గురక.
ఇవతల నేను, ఆమె లేవకుండా
కాగితాలు చప్పుడు కాకుండా తిప్పుకుంటూ.
అప్పుడైనా తట్టలేదు నాకు.
చెయ్యి నాదే, మార్కు మాత్రం ఓబులేసు సారుది.

జనవరిలో దుప్పటి ఉతికి ఆరేశాము.
చలికి ఆరలేదు.
ఆ రాత్రి గది గదంతా ఒకటే అయిపోయి
స్టెల్లమ్మా నేనూ ఎటు తిరిగి పడుకోవాలో తెలీక
చాలాసేపు కూర్చున్నాం.
"ఇల్లు పోయినట్టుందే" అంది ఆమె.

తెల్లారి బ్యాగులో ఆ పాత కాగితం పెట్టుకుని బడికి పోయాను.
హాజరు పిలిచాను.
"పదిహేడు."
మళ్ళీ పిలిచాను.
"క్యాన్సిల్ మిస్," అన్నారు ముందు వరసవాళ్ళు.
"వాళ్ళ నాన్న కంపెనీ క్యాన్సిల్. రాత్రే ఫ్లైట్."
ఆ మాట స్పెల్లింగుతో సహా వచ్చు వాళ్ళకి.
పక్కవాడు అప్పటికే
ఆ కుర్చీలో తన టిఫిన్ బాక్సు పెట్టుకున్నాడు.

ఆరు నిమిషాల ఆ క్లాసుల్లో
అందరం అన్ని రకాల పిల్లల్లా కూర్చున్నాం.
రాని పిల్లాడిలా ఎవరూ కూర్చోలేదు.

మార్కుల రిజిస్టరు నవంబరులోనే ఆఫీసుకి పోయింది.
దిద్దడానికి లేదు.

ఈ ఏడాది కొత్తగా వచ్చింది విజయశాలిని,
నంద్యాల పిల్ల, బి.ఇడి. ఫస్టు క్లాసు.
"మా ఇల్లు చార్టుందంట కదక్కా, ఇస్తావా?" అంది.
ఇచ్చాను.
వెనకవైపు తెల్లగా ఉంటుంది,
అటు తిప్పి తగిలించమన్నాను.
నాకేమన్నా అయిందా అన్నట్టు చూసింది.
టేపు మాత్రం నువ్వే కొనుక్కోవాలమ్మా,
ఇక్కడ అది కూడా ఇవ్వరు, అన్నాను.